మా అమ్మ వెయ్యని ఒట్టు

మా జిల్లా ఊళ్లో నేనెరిగి మూడు కోర్టులు. మొదటిదాన్ని నేను చూడలేదు, మా నాన్న చెబితే విన్నాను. రెండోదాని బోనులో మా మావ నిలబడ్డాడు. మూడోదాని బోనులో నేను నిలబడ్డాను. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఏ దొర ఎప్పుడొచ్చాడో, ఏ రోడ్డుకు ఎవరి పేరు పెట్టారో రాస్తారు. ఆ పేర్లకు నాకు నోరు తిరగదు. తిరిగినా ఎవరి పేరూ రాయను, మా వాళ్ల పేర్లు కూడా. నాకు తెలిసిన చరిత్ర ఆ కోర్టులదీ, వాటికి ఎదురుగా కూర్చుని ఏళ్ల తరబడి ఇడ్లీలు అమ్మిన మా అమ్మదీను.

ఊరు నది ఒడ్డున ఉంటుంది. మేముండే కొబ్బరితోట నదికి దిగువన, హుటాన్ మెలింటాంగ్ అనే పల్లె దాటాక. తోట నుంచి ఊరికి పడవ మీదే రావాలి. పోటు కలిసొస్తే పొద్దెక్కేసరికి చేరేవాళ్లం. కలిసిరాకపోతే పడవలోనే పడిగాపులు, దోమలకు పండగ. ఆస్పత్రికైనా, పెళ్లి బట్టలకైనా, పోలీసు పనికైనా అందరూ ఆ ఊరికే రావాలి.

నాన్న కూలిపనికి సముద్రం దాటొచ్చి ఈ దేశంలో ఓడ దిగిన కొత్తలో కోర్టంటే నది ఒడ్డున నీపా ఆకు, అంటే బురదలో పెరిగే ఓ రకం తాటాకు, కప్పిన పాకట. పోటు ఎక్కువైన రోజున నీళ్లు లోపలికొచ్చేవట. దొర కాళ్లు కుర్చీ మీదకు లాక్కుని తీర్పు చెప్పేవాడట. ఓసారి తీర్పు మధ్యలో ఉడుమొకటి ఈదుకుంటూ వచ్చి ముద్దాయి పక్కన ఆగితే, ఇద్దరికీ శిక్ష వేశారని చెప్పి నాన్న పడీ పడీ నవ్వేవాడు. ఆయన మాటల్లో సగం కోతలే. కానీ ఆ పాక వరదకు కొట్టుకుపోయిన మాట మాత్రం నిజం. రేవు దగ్గర దాని గుంజలు రెండు నా చిన్నప్పుడు కూడా బురదలో కనిపించేవి.

తర్వాత కట్టింది చెక్క కోర్టు. ఎత్తైన గుంజల మీద నిలబెట్టి, రేకు కప్పి, సున్నం కొట్టారు. నేల పలకల మధ్య సందుల్లోంచి చూస్తే కింద బాతులు తిరుగుతూ కనిపించేవి. ఆ ఇంటి గురించి నాకు బాగా గుర్తున్నది ఆ బాతులే. మా మావ బతుకు తేలిపోతున్న పొద్దున నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు నాకు ఆరేళ్లో ఏడేళ్లో.

మావ అంటే మా అమ్మకు తమ్ముడు. వాళ్లమ్మ పోతే అమ్మే పెంచింది. తనతోపాటు ఓడెక్కించి తెచ్చుకుంది. పెద్దవాడయ్యాక తోటలో కాయ వలిచే పనిలో చేరాడు. నోటి దురుసు. మేస్త్రీ ఒక మాట అంటే తాను రెండనేవాడు. ఒకరోజు పదిమందిలో మేస్త్రీతో మాటామాటా పెరిగి, నీ కొట్టం తగలబడిపోనూ అన్నాడు. కోపంలో ఎవరైనా అనే మాటే. ఆ వారమే ఎండుకొబ్బరి ఆరబెట్టే కొట్టం నిజంగానే తగలబడింది.

అది సాయంత్రం వేళ. పక్కతోటలో అమ్మవారి సంబరమని లైన్లన్నీ ఖాళీ. లైన్లంటే కూలీలకు తోటవాళ్లు వరసగా కట్టించిన గదులు. మావకు జొరం, మా గది ముందు అరుగు మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. అమ్మ గంజి కాస్తోంది. నేను సంబరానికి వెళ్లనని మొండికేసి మావ పక్కనే చేరాను. వణుకుతూనే నాకు కొబ్బరాకుతో చిలకను అల్లుతున్నాడు. అప్పుడే ఆకాశం ఎర్రబడింది. ముందు నేనే చూశాను. మావ లేవబోయి, కళ్లు తిరిగి, మళ్లీ కూలబడ్డాడు. నాకు తెలిసిన సాక్ష్యం ఇదంతా, కానీ అంత చిన్నపిల్లను ఎవరడుగుతారు? అరుగు మీద మావను చూసిన పెద్దమనిషి మా అమ్మ ఒక్కతే.

కొట్టం దగ్గర మావను చూశానని కాపలావాడు చెప్పాడు. పోలీసులొచ్చి పట్టుకుపోయారు. పడవెక్కేటప్పుడు మావ మమ్మల్ని చూసి చెయ్యూపాడు. "ఏడవకే అప్పా. నువ్వొచ్చి సూసింది సెప్తే సాలు, ఒగ్గేత్తారు," అన్నాడు అమ్మతో. మా వైపు అక్కని అప్పా అంటారు.

ఇక్కడ మా లైన్ల సంగతొకటి చెప్పాలి. మాలో మాకు తగువొస్తే పోలీసుల దాకా పోయేవాళ్లం కాదు. పెద్దలు కూర్చునేవారు. ఎవరి మాట నిజమో తేలకపోతే ఒట్టు వేయించేవారు. ఒక చెయ్యి కన్నబిడ్డ నెత్తి మీద, రెండో అరచేతిలో వెలుగుతున్న కర్పూరం. చెప్పవలసింది చెప్పి ఆ కర్పూరం ఆర్పాలి. అబద్ధమైతే బిడ్డ దక్కదు. నిజమైతే ఏమీ కాదని మగవాళ్లు అనేవారు. ఆడవాళ్లు మాత్రం నమ్మేవారు కాదు. ఒట్టు ఒట్టే, నిజమైనా నెత్తి తింటుందని వాళ్ల లెక్క. మా పక్క లైన్లో ఒకావిడ కోడి దొంగతనం తగువులో కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. వానలు మొదలుకాగానే ఆ పిల్లవాడు జొరమొచ్చి పోయాడు. ఆ వానల్లో జొరాలతో ఎందరో పిల్లలు పోయారు. అయినా ఆవిడ గుండెలు బాదుకుంటూ, నాను నిజమే సెప్పినాను తల్లో, నిజమే సెప్పినాను అని ఏడ్చిన ఏడుపు మా అమ్మ చెవిలో పడింది. నాకు ముందు పుట్టినవాళ్లెవరూ అమ్మకు నిలవలేదు. మిగిలింది నేనొక్కదాన్ని.

కోర్టుకు వెళ్లేరోజు నన్ను కూడా పడవెక్కించమన్నది నాన్న. పసిదాన్ని చూస్తే దొర జాలిపడతాడని ఆయన తెలివి. పడవ సగం దూరం వచ్చాక అమ్మ అడిగింది.

"అక్కడ ఒట్టెయ్యమంతారేటి?"

"కోర్టన్నాక ఒట్టు నేకుండా ఉంటాదేటి? ఏయిస్తారు. నిజమే గదా, నీకేటి బయం?"

నాన్న కూడా అప్పటిదాకా కోర్టు గడప తొక్కలేదు. ఒట్టంటే ఆయనకు తెలిసినదీ లైన్ల ఒట్టే. అమ్మ ఇంకేమీ అడగలేదు. రేవు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది, చెయ్యి నొప్పెడుతోందని నేను ఏడ్చినా వదల్లేదు.

బోనులో మావ చిక్కిపోయి ఉన్నాడు. అమ్మను చూడగానే మొహం వెలిగింది. పక్కన కోటు వేసుకున్న తమిళ దుబాసీ. మా కూలీలందరికీ తమిళం వచ్చు కాబట్టి మాకు వేరే దుబాసీ అక్కర్లేదనుకున్నారు. అమ్మను సాక్షి నిలబడే చోట నిలబెట్టి ఆయన తమిళంలో చెప్పాడు, సత్యం చెయ్యాలి, కుడిచెయ్యి ఎత్తమ్మా అని. తమిళంలో సత్యమంటే ఒట్టు, అమ్మకు ఆ మాట బాగానే అర్థమైంది. అమ్మ తన కుడిచెయ్యి చూసుకుంది. తర్వాత బల్ల మీద కూర్చున్న నావైపు చూసింది.

నేను బాతుల మీదనుంచి తలెత్తింది అప్పుడే. ఆ చూపును నేను ఈనాటికీ మరవలేదు. ఏ పాపం చేశానా అని భయపడిపోయాను. అమ్మ గబగబా దిగి వచ్చి నన్ను లాక్కుని, పైటకొంగు నా నెత్తిన కప్పేసి, దుబాసీతో చెప్పింది.

"నానేటీ సూడనేదు బావూ. వొంట సేసుకుంతన్నాను. ఆడెక్కడున్నాడో నాకు తెల్దు. నన్నొగ్గేయండి."

దుబాసీ ఆ మాటను దొరకు చెప్పాడు. దొర తల ఊపి ఏదో రాసుకున్నాడు. కొంగు సందులోంచి నాకు మావ కాళ్లు మాత్రమే కనిపించాయి. తోటంతా హడలిపోయేటంత నోరు ఆయనది, ఆరోజు అక్కని ఒక్క మాట అనలేదు.

మావకు జైలు పడింది. ఎక్కడో దూరాన పెద్ద జైలుకు పంపారు. ఏడాది తిరక్కుండానే పోలీసు ఒకడు తోటకొచ్చి, జొరంతో పోయాడని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ టీ మా అమ్మే కాచి ఇచ్చింది.

తర్వాత లైన్లలో అమ్మను ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. వెనక మాత్రం తమ్ముణ్ణి మింగేసిందన్నారు. అమ్మ నాతో మామూలుగానే ఉండేది, తిట్టేది, తినిపించేది. కానీ నా తల ముట్టేది కాదు. నూనె రాయాలన్నా, జడ వెయ్యాలన్నా పక్కింటావిడ దగ్గరకు తోలేది. దెబ్బ కొట్టాల్సి వస్తే వీపు మీద కొట్టేది. పిల్లలు గుచ్చి గుచ్చి అడిగితే మా అమ్మకు నూనె జిడ్డు గిట్టదని చెప్పేదాన్ని. అది అబద్ధమని నాకు తెలుసు. నా నెత్తిని కాపాడటానికే మావ పోయాడని అంత చిన్నతనంలోనే నాకు అర్థమైపోయింది. ఒకరి ప్రాణం నెత్తిన పెట్టుకుని తిరగడం పిల్లలకు చేతనయ్యే పని కాదు. నాకు అమ్మ మీద చచ్చేంత జాలి, దాంతోపాటు మంట కూడా ఉండేది.

నాన్న పోయాక తోటవాళ్లు గది ఖాళీ చెయ్యమన్నారు. మేమిద్దరం పడవెక్కి ఊరికొచ్చేశాం. ఊళ్లో కొట్టు పెట్టుకోవడానికి చోట్లే లేనట్టు అమ్మ వెళ్లి చెక్క కోర్టుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు ఇవతల పందిరి వేయించింది. వాయిదాలకొచ్చేవాళ్లకు ఆకలేస్తుంది, బేరం బాగుంటుందని చెప్పింది. బేరం బాగానే ఉండేది. కానీ పొద్దున తొలి వాయి ఇడ్లీల్లో మొదటిదాన్ని ఆకులో పెట్టి కోర్టు వైపు జరిపేది. కాకి తింటే సరే, లేకపోతే మధ్యాహ్నానికి చీమలు పట్టేవి. ఎవరైనా ఆ ఇడ్లీ అడిగితే, అది ఒకళ్లది అనేది అమ్మ, అంతే.

ఒక్కోసారి మధ్యాహ్నం కోర్టు మూసేశాక, ఎండలో రోడ్డంతా నిర్మానుష్యంగా ఉన్నప్పుడు, ఆ చెక్క ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టు పలకలు కిర్రుమనేవి. ఎండకు చెక్క వ్యాకోచిస్తుందని కోర్టు బంట్రోతు చెప్పేవాడు. అతను మంచివాడే, అతని మాట నిజమే అయ్యుంటుంది. అమ్మ మాత్రం చేతిలో పని ఆపి, ఆ చప్పుడు బోను వైపు వెళుతోందో, తలుపు వైపు వస్తోందో వినేది. ఎప్పుడూ బోను వైపే వెళ్లేదట. నేనూ వినేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ అలాగే వినిపించేది.

లాంచీలో పనిచేసే మనిషితో నాకు పెళ్లయింది; ఆయన ఎప్పుడూ నదిమీదే, నేను అమ్మ దగ్గరే ఉండేదాన్ని, నాకో ఆడపిల్ల పుట్టింది. అప్పటికి ఊళ్లో కార్లొచ్చాయి. చెక్క కోర్టు చెద పట్టి ఒక పక్కకు ఒరిగింది. దాని పక్క స్థలంలోనే ఇటుకలతో మూడో కోర్టు లేచింది, తెల్లటి స్తంభాలు, గచ్చు నేల, తిరిగే పంకాలు. ఈ నేల కిర్రుమనదు కదా అని నేను సంతోషించాను. పాతదాన్ని పీకి, పలకల్ని వంటచెరుకు కింద అమ్మేశారు. చవకని మా పక్క కాఫీకొట్టు చైనావాడు బండెడు కొని, మాకూ ఓ మోపు ఇచ్చాడు. తెల్లారి అమ్మ పొయ్యి రాజేసి, ఊదుగొట్టంతో ఊది, సగం కాలిన చెక్క మీద పాత సున్నం చూసింది. వెంటనే ఊదుగొట్టం పడేసి, బిందెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది. ఆరోజు మాకు బేరం లేదు. తడిసిన ఆ చెక్కను నా చేత మోయించుకెళ్లి నదిలో వదిలించింది.

ఇటుక కోర్టు తెరిచిన కొన్నాళ్లకు మా పందిరి ముందే ఒక ఎద్దుబండిని కారు గుద్దింది. ఒక ఎద్దు కాలు విరిగింది. కారు పెద్దమనిషి బండివాడిదే తప్పన్నాడు, బండి అడ్డంగా తిప్పాడని కేసు పెట్టాడు. బండివాడు అడ్డంగా తిప్పలేదు. చట్నీ వడ్డిస్తూ నేను కళ్లారా చూశాను. తక్కినవాళ్లందరూ చప్పుడయ్యాక తలెత్తినవాళ్లే. బండివాడు వచ్చి నా ముందు చేతులు కట్టుకుని నిలబడితే, సాక్ష్యం చెబుతానని మాటిచ్చాను. అమ్మ విన్నది. ఏమీ అనలేదు. వాయిదా రోజున నేను చీర మార్చుకుని బయటికొచ్చేసరికి పందిట్లో అమ్మా లేదు, నా బిడ్డా లేదు. ఎక్కడికి తీసుకెళ్లిందో, ఎందుకు తీసుకెళ్లిందో నాకెవరూ చెప్పనక్కర్లేదు.

కోర్టులో నన్ను పిలిచారు. దుబాసీ ఈసారి వేరే మనిషి, కుర్రవాడు. కుడిచెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తాను. నేను చెప్పేదంతా నిజం అని తమిళంలో అనమన్నాడు, అన్నాను. చెయ్యి దించలేదు. అలాగే నిలబడ్డాను.

"ఇంకేం చెయ్యాలి?" అని అడిగాను.

"ఏం లేదక్కా. అంతే. ఇక చెప్పు," అన్నాడతను.

అంతే. కర్పూరం లేదు, బిడ్డ లేదు. ఎవరి నెత్తీ ఎవరికీ అక్కర్లేదు. బోను చెక్కను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. కారు పెద్దమనిషికి జంకుతున్నాననుకుని దుబాసీ మంచినీళ్లు తెప్పించాడు. నాకొచ్చింది భయం కాదు, కోపం. ఈ నాలుగు మాటలకా మా మావ పోయింది? ఈ నాలుగు మాటలు ఒక్కరైనా మా అమ్మకు ముందే చెప్పలేకపోయారా? నీళ్లు తాగి, చూసింది చూసినట్టు చెప్పాను. బండివాణ్ణి వదిలేశారు. అతను నా కాళ్లకు దణ్ణం పెట్టబోతే విసుక్కుని తప్పుకున్నాను, పాపం.

అమ్మ రేవు దగ్గర ఉంది. నా బిడ్డ ఒడిలో నిద్రపోతోంది. అమ్మ రెండు చేతులూ బిడ్డ తలకు దూరంగా, తన మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుంది. దారిపొడుగునా నేను ఒకటే అనుకుంటూ వచ్చాను. నిజం చెబితే మా అమ్మ ఏమైపోతుంది? ఆరోజు తన బిడ్డకు ఏ ఆపదా లేదని, చెయ్యెత్తి నాలుగు మాటలంటే తమ్ముడు ఇంటికొచ్చేవాడని, ఈ వయసులో ఆమెకు నేను చెప్పాలా? చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

"ఏటన్నారే?" అంది నన్ను చూడగానే.

"పిల్ల నెత్తిమీన సెయ్యెట్టి ఒట్టెయ్యమన్నారు. పిల్లని తేనేదని దెబ్బలాడినారు. సివరికి నా నెత్తిమీదే ఎట్టుకుంటానంటే సరేనన్నారు. నువ్వు దీన్ని తెచ్చీసి మంచి పని సేసినావమ్మా."

అమ్మ నా మొహంలోకి చూసింది. నేను నది వైపు తిరిగాను.

"ఇప్పుడే నిజం సెప్తానని ఒట్టేసొచ్చినావు. ఇంతలోనే అబద్దమాడతన్నావేటే గుంటా?"

అమ్మ మెల్లగానే చెప్పింది, పొయ్యి సంగతో పిండి సంగతో చెబుతున్నట్టుగా.

"నాకు తెల్దనుకున్నావా? ఆడు బతికున్నప్పుడే తెలిసింది. మీ నాన్న నన్ను జైలుకాడికి తీసుకెల్నాడు. నీకు సెప్పనేదు. ఎందుకలా సేసినావే అప్పా అని ఆడే అడిగినాడు. గుంట నెత్తిమీన సెయ్యెట్టమంతారని బయమేసిందిరా అన్నాను."

"అయితే ఇయ్యాల దీన్నెందుకు తెచ్చీసినావు? తెలిసి కూడానా?"

"తెలిసినంతమాత్రాన బయం పోతాదేటి?" అంది అమ్మ. ఒడిలో బిడ్డ కదిలితే జోకొట్టింది.

లాంచీ ఒకటి వచ్చి, జనాన్ని దింపి వెళ్లిపోయింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఆ మాటకి మావేటన్నాడమ్మా? తిట్నాడా?"

"తిడితే బాగున్ను. నవ్వినాడు," అంది అమ్మ. "అదేటీ నేదే ఎర్రిఅప్పా, ఆల్లకి ఎవుల నెత్తీ అక్కర్నేదు, ఉత్తినే సెయ్యెత్తితే సాలు అన్నాడు. ఊసల్లోంచి సెయ్యెత్తి సూపించినాడు, ఇదిగో ఇలగని. నవ్వతానే సూపించినాడు. పోనీలే, గుంట బాగున్నాది గదా అన్నాడు."